నా పాత కారులో రాజయ్య వేసిన లైటు

నా పాత స్పోర్ట్స్ కారు లోపల మిణుకుమిణుకుమనే పసుపు బల్బు తీసేసి ఎల్‌ఈడీలు వేయిద్దామని ఈ రోజు పొద్దున బూర్గంపాడులో రాజయ్య షాపుకు వెళ్లాను. కార్ల వైరింగు చేసే ఈ పెద్దాయన ఒక్కసారి కూడా నా మొహం చూడకుండా, గోడ వైపు తిరిగే మాట్లాడాడు. నాకు ఒళ్లు మండింది.

కారు మీద టార్పాలిన్ కప్పి, ఆ చీకట్లో కూర్చుని పని చేశాడు. అయ్యాక నన్ను పక్క సీట్లోకి రమ్మని స్విచ్ వేశాడు. లైటు ఎక్కడుందో కనపడదు, గేరు రాడ్డు మీదా కాళ్ల దగ్గరా మాత్రం వెన్నెల పరిచినట్టుంది.

“లైటు చేతుల మీద పడాలె సారూ, కండ్లల్ల కాదు,” అన్నాడు, మళ్లీ కిటికీ వైపు తిరిగి.

“నా దిక్కు చూసి చెప్పొచ్చు గదా?” అనేశాను.

“ముప్పయేండ్లు బొగ్గుబాయిల చేసిన సారూ. నెత్తి మీద టోపీకి లైటు ఉంటది. మనిషి దిక్కు తిరిగి మాట్లాడితే ఆయన కండ్లు చెదురుతయ్. రిటైరై నాలుగేండ్లాయె, మెడ ఇంకా మరువలే.”

నెత్తిన లేని దీపం నుంచి కూడా నా కళ్లను కాపాడుతున్న మనిషిని పొద్దుటి నుంచీ పొగరుబోతు అనుకున్నాను. మీరూ ఎవరినైనా ఇలా అనుకుని ఉంటే చెప్పండి, నా సిగ్గు కాస్త తగ్గుతుంది.