మా బడిలో సోంబారులు

చెన్నపట్నంలో చదువులకంటూ ఒక మంత్రిని కొత్తగా కూర్చోబెట్టిన ఆ రోజుల్లో, మా అరకు కొండల్లో ఎవరూ ఎవర్నీ నమ్మేవారు కాదు. పేరు రాసుకునేది రోడ్డు పనిలో వెట్టికి తోలుకుపోవడానికేనని ఊరికి అనుమానం. హాజరుపట్టీ అంతా పంతులు కల్పనేనని మంత్రిగారి కచేరీకి అనుమానం. పంతొమ్మిదేళ్ల ఆ పంతుల్ని నేనే. నాకు ఊరి మీదా, మంత్రి మీదా, ఆఖరికి నా గొడుగు మీదా అనుమానమే (అది తనంతట తాను నడిచి వెళ్లిపోయేది; నమ్మమని మిమ్మల్ని బలవంతపెట్టను).

ఒక పొద్దున మంత్రిగారు పంపిన తనిఖీ అధికారి డోలీలో దిగాడు. కళ్లజోడు దొర అని పేరు పెట్టుకున్నాం. పట్టీ తెరిచి, "పద్నాలుగుమందిలో తొమ్మిదిమంది సోంబారులా? పేర్లు కల్పించడానిక్కూడా బద్ధకమేనా, పంతులూ?" అన్నాడు. ఇక్కడ ఏ వారం పుడితే ఆ వారమే పేరని, సోమవారం పుట్టిన ప్రతివాడూ సోంబారేనని విన్నవించుకున్నాను. అయితే పిలుస్తాను, లేవకపోతే బడీ ఉండదు, నీ ఉద్యోగమూ ఉండదన్నాడు. (ఆ తొమ్మిదిమందిలో ఒకణ్ణి నేనే పుట్టించాను. పద్నాలుగుకి తగ్గితే బడి ఎత్తేస్తారు మరి.)

"సోంబారూ" అని పిలిచాడు. ఒక్కడూ లేవలేదు. మళ్లీ పిలిచాడు. పిల్లలు నేలచూపులు చూస్తున్నారు. వాకిట్లో తండ్రులు దొరనే చూస్తున్నారు. నా ఉద్యోగం కొండ దిగిపోతున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. అప్పుడు ఊరిపెద్దకి తల్లి, మేమంతా అవ్వ అని పిలిచే ముసలామె, కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"లేచినోల్ని తోలుకుపోవని నమ్మకమేటి బాబూ? ముందు నీ పేరు అందులో రాయి. పోతే అందరం కలిసే పోదుం."

దొర నన్ను అనుమానంగా చూసి, అవ్వని ఇంకా అనుమానంగా చూసి, పాపం, పదిహేనోవాడిగా తన పేరు రాశాడు. ఏ వారం పుట్టావని అడిగిందామె. సోమవారమన్నాడు.

"మరదేటి రాసేవు? సోంబారని రాయి."

కొట్టేసి రాశాడు. మళ్లీ పిలిచాడు. ఎనిమిదిమంది పిల్లలు లేచారు. వాళ్ల వెనక తండ్రుల్లో సోంబారులు, మేకలు తోలుకుపోతూ ఆగిన ముసలాయన, డోలీ మోసుకొచ్చిన వాళ్లలో ఇద్దరు కూడా ముందుకొచ్చి నిలబడ్డారు. మొత్తం ఇరవై ఒక్కమంది. దొర కూడా కుర్చీలోంచి సగం లేచి, ఏదో గుర్తొచ్చి కూర్చున్నాడు.

బడి నిలిచింది. నెల తిరక్కుండా కచేరీ నుంచి తాఖీదు వచ్చింది: ఇరవై ఒక్కమంది సోంబారులుండగా తొమ్మిదిమందినే చూపడంలో నీ దురుద్దేశమేమిటో సంజాయిషీ ఇవ్వవలసింది.

లోకాన్నంతా అనుమానించిన నేను, ఆ పట్టీలో దొంగని నేనొక్కణ్ణేనని తెలిసి, పుట్టని సోంబారుని సిగ్గుపడి కొట్టేశాను. పద్నాలుగుకి ఒకడు తగ్గాడు గనక దొరని ఉంచేశాను. ఏడాది పొడుగునా ఆయనకి హాజరు వేశాను. ఇన్నేళ్ల పంతులుగిరీలో అంత అల్లరి చేయని పిల్లవాడు నాకు మళ్లీ దొరకలేదు.