ఐదో ముక్క పడ్డాక

సింగపూర్‌లో యీషున్ అనే పేటలో మేం నలుగురం కలిసి ఉండే ఫ్లాట్‌లో ఆదివారం భోజనాలయ్యాక పోకర్ ఆడేవాళ్లం. డబ్బు పెట్టేవాళ్లం కాదు. ప్లాస్టిక్ బిళ్లలన్నీ పోగొట్టుకున్నవాడు ఆ వారమంతా అంట్లు తోమాలి. ఐటీ ఉద్యోగాలు జోరుగా దొరికే రోజులవి. మాలో పెద్దవాడిది అనంతపురం. సైన్స్ పార్క్‌లో ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ చేసేవాడు. నేను అన్నా అని పిలిచేవాణ్ని.

బల్ల మీద ఐదో ముక్క పరిచాక ఇక కొత్తగా వచ్చేదేమీ ఉండదు. చేతిలో దాచుకున్న రెండు ముక్కలతో చివరి పందెం ఆడి తేల్చుకోవాలి. నాబోటివాళ్లం అక్కడే తొందరపడేవాళ్లం. అన్న తొందరపడేవాడు కాదు.

"నీవి నడిమిరకం ముక్కలనుకో. పెద్ద పందెం కాస్తే నీకంటే మంచివి ఉన్నోడే నిలబడతాడు, లేనోడు పారేసి పోతాడు. నీకేమొచ్చె? ఊరికే ఉండప్పా. వాణ్నే కాయనీ. మొదట్నుంచీ వాడు ఆడిందంతా గుర్తు తెచ్చుకో. అతకలేదా, చూపించమను."

చేతిలో ఏమీ లేకుండా నేను పెద్ద పందెం కాసిన ప్రతిసారీ అలాగే పట్టుకునేవాడు.

తర్వాత జోరు తగ్గింది. అన్న కంపెనీ మూతపడింది, దాంతోపాటే అక్కడ పనిచేయడానికిచ్చిన వర్క్ పాస్ పోయింది. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏజెన్సీల చుట్టూ తిరిగేవాడు. మార్కెట్ బాగాలేదని అందరూ ఒకే మాట చెప్పేవాళ్లు. ఉండనిచ్చిన గడువు అయిపోవస్తుంటే, వుడ్‌ల్యాండ్స్ దగ్గర సరిహద్దు దాటి మలేషియాలోని జోహోర్ వెళ్లి తిరిగొస్తే ఇంకొన్నాళ్లు ఇస్తారని ఎవరో అన్నారు. మలేషియా వీసా తెచ్చుకున్నాడు.

వెళ్లే ముందురోజు ఆదివారం. ఆటలో చివరికి నేనూ ఆయనా మిగిలాం. ఐదో ముక్క నాకు పనికిరాలేదు. అయినా బిళ్లలన్నీ ముందుకు నెట్టాను. అప్పటిదాకా నేను ఆడిన తీరుకు ఆ పందెం అతకదని నాకే తెలుస్తోంది. అన్న నావైపు చూసి, తన ముక్కలు పడేశాడు.

పక్కనున్నవాడు వాటిని తిప్పి చూశాడు. రెండు ఆసులు.

"ఇవి పడేశావేంటన్నా? వాడి దగ్గర ఏం లేదు."

"తెలుస్తానే ఉండాది."

"మరి?"

"చూపించమని అడగబుద్ధి కాలేదప్పా."

ముక్కలు సర్దేశాం.

మర్నాడు సాయంత్రం జోహోర్ నుంచి ఫోన్ చేశాడు. "వాపసు రానియ్యలేదప్పా. మర్యాదగానే చెప్పినారు. నా సూట్‌కేస్ తెచ్చిస్తావా?"

ఆఫీసులో సెలవడిగి, నేనూ వీసా వేయించుకుని తీసుకెళ్లాను. బస్టాండ్ పక్క హోటల్లో టీ తాగాం. ఆయన టీ సగం అలాగే చల్లారిపోయింది. కొన్నాళ్లాగి మళ్లీ ప్రయత్నించమన్నాను. ఊఁ అన్నాడు.

"వదినకు చెప్పావా అన్నా?"

"సెలవు పెట్టుకొని వస్తాండా అని చెప్పినా."

"నిజం చెప్తే పోయేది కదా."

"ఎట్ల చెప్పాలో తెలీలేదప్పా. పిల్లలు ఎన్ని రోజులుంటావని అడుగుతాండారు."

ఇంటికెళ్లే విమానం కోసం కౌలాలంపూర్ బస్సెక్కాడు. కిటికీలోంచి చెయ్యి ఊపుతాడేమోనని నిలబడ్డాను. ముందుసీటు వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం కోసం తిరుగుతున్నాడని విన్నాను. దొరికిందని మాత్రం ఎవరూ చెప్పలేదు.