నలభై గొర్రెలయ్యేదాకా కదలొద్దు

కదలకుండా నిలబడటంలో ఏముంది, చెట్లు నిలబడటం లేదా అంటారేమో మీరు. తెంతిమిష్ కెమెరా ముందు ఒక్కసారి నిలబడి వచ్చి అప్పుడు చెప్పండి. ఆ మనిషికి ఉన్నది ఒకటే పిచ్చి. కొక్ బులాక్ జలపాతం ఫొటోలో నీళ్ళలా కాకుండా పాలలా రావాలి. అలా రావాలంటే కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచాలి. ఎంతసేపంటే నలభై గొర్రెలంతసేపు. గడియారాన్ని నమ్మడు. "ఒక గొర్రె... రెండు గొర్రెలు..." అని మందను దొడ్లోకి తోలుతున్నట్టు పైకే లెక్కపెడతాడు. నలభయ్యో గొర్రె లోపలికి పోయేదాకా కెమెరా ముందున్న ప్రాణి ఏదీ కదలకూడదు.

"మరి ఊపిరో?" అని అడిగింది జిపార్ మొదటిరోజు. జలపాతం పక్కన బండరాయి మీద టీ, రొట్టె, ఆప్రికాట్ జామ్ పెట్టుకుని అమ్ముతుంది ఆమె.

"పీల్చుకో చెల్లీ. వదలకు."

కెమెరా రష్యా కాలంనాటిది. ఎండ ఎక్కువ పడకుండా దాని కంటికి వెల్డింగు ముసుగులోని నల్ల అద్దం రబ్బరు బ్యాండుతో బిగించాడు. ముప్పై ఏళ్ళు ట్రాక్టర్ల షెడ్డులో వెల్డరుగా చేశాడు మరి. ఫొటో మొదలెట్టేదాకా ఆ అద్దం మీద తుంపర పడకుండా ఒక మూత. ఆ మూత జిపార్ జామ్ సీసాది. "ఒక్క పూటకి" అని పట్టుకుపోయి, పొయ్యి మసి పూసి నల్లగా చేసేశాడు. మూడేళ్ళయింది. జామ్ మీద సాసరు బోర్లించి ఈగలతో యుద్ధం చేస్తోంది జిపార్.

"అన్నా, నా మూత?"

"గురువారం కరకోల్ బజారుకి పోతున్నా కదా. అసలు మూత కొనుక్కుని నీది నీకిచ్చేస్తా."

గురువారం వస్తుంది. కరకోల్ పోయే బస్సు జలపాతం దగ్గర ఆగుతుంది. తెంతిమిష్ అక్కడిదాకా పోతాడు.

ఆయన ఫొటోల బాధితులు ఊరినిండా ఉన్నారు. ఒక పెళ్ళికూతురు ముప్పై రెండో గొర్రె దగ్గర తుమ్మి రెండు ముక్కులతో వచ్చింది. అమ్మకానికి ఫొటో తీయించిన గుర్రానికి తోకే రాలేదు. ఒక పోలీసాయన దర్జాగా ఇటునుంచి అటు నడిచి, మర్నాడు ఫొటో చూసి, "నేనేడీ?" అన్నాడు.

"మీరు ఆగలేదుగా, వెళ్ళిపోయారు," అన్నాడు తెంతిమిష్.

ఇలాంటివాడి దగ్గరికి బురుల్ అవ్వ వచ్చింది. ఎనభై నిండుతున్నాయి. కొడుకులిద్దరూ చెరోపక్కా ఉన్న ఫొటో ఒకటి గోడకి కావాలంది. చిక్కు అక్కడే ఉంది. పెద్దాడు ఒరోజ్‌బెక్, చిన్నాడు కలిల్ మాట్లాడుకుని నాలుగేళ్ళు. అప్పుడు ఇంట్లో జరిగిన విందులో గొర్రెను కోసి వడ్డించింది కలిల్. ఇంటి పెద్ద ముందు పెట్టాల్సిన తుంటి ఎముకను పశువుల డాక్టరు ముందు పెట్టాడు, అన్నకేమో కుర్రాళ్ళకిచ్చే భుజం ఎముక. ఒరోజ్‌బెక్ చెయ్యైనా తుడుచుకోకుండా లేచిపోయాడు. ఆ తర్వాత ఒకే గుమ్మంలో ఇద్దరి చెప్పులూ కనబడలేదు.

అమ్మ కోసం వచ్చారు. ఒకరినొకరు పలకరించుకునేది లేదని మాత్రం ముందే చెప్పేశారు. అవ్వ స్టూలు మీద కూర్చుంది. వాళ్ళిద్దరూ చెరో కొండకేసి చూస్తూ దూరంగా నిలబడ్డారు.

"దగ్గరికి జరగండి, ఫొటోలో పట్టట్లేదు," అన్నాడు తెంతిమిష్. గుర్రాలతో సహా పెళ్ళివారంతా పట్టిన కెమెరా అది. జిపార్‌కి వింతగా అనిపించింది.

అవ్వ వెనక ఇద్దరి భుజాలూ తగిలేదాకా జరిపాడు. నలభై గొర్రెలు లెక్కపెట్టాడు.

"పెద్దాయన కదిలాడు. మళ్ళీ!"

రెండోసారి చిన్నాయన కదిలాడన్నాడు. మూడోసారి ఇద్దరూ కదిలారన్నాడు.

"అమ్మా, కదిలింది వాడని చెప్పు," అన్నాడు ఒరోజ్‌బెక్.

"అమ్మా, ఈ 'వాడి'కో పేరుందని చెప్పు," అన్నాడు కలిల్.

"నాకు చెవుడురా, మీరే చెప్పుకోండి," అంది చీమ చిటుక్కుమన్నా వినబడే అవ్వ.

టీ ఇవ్వడానికి వచ్చిన జిపార్ కెమెరా వైపు చూసి నోరు తెరిచింది. తెంతిమిష్ ఆమె కాలు తొక్కాడు. ఆమె నోరు మూసుకుంది.

ఏడోసారికి అందరి టోపీలూ తడిసిపోయాయి. ఇరవై ఎనిమిదో గొర్రె దగ్గర కలిల్ పెదవి కదపకుండా గొణిగాడు.

"అన్నా, నీ మీసానికి చుక్క వేలాడుతోంది."

"తెలుసు. కదిలితే మళ్ళీ మొదలెడతాడు."

ఇంకో రెండు గొర్రెలు పోయాయి.

"ఆ రోజు కరెంటు పోయిందన్నా. చీకట్లో పళ్ళేలు తారుమారయ్యాయి."

"ఇది చెప్పడానికి నాలుగేళ్ళు పట్టిందేంరా?"

"నువ్వు నిలబడితేగా చెప్పడానికి!"

ముప్పై అయిదో గొర్రె లోపలికి పోయింది.

"ఇంతకీ తుంటి ఎముక ఎలా ఉందన్నాడు ఆ డాక్టరు?"

"ఉడకలేదన్నాడు."

ఒరోజ్‌బెక్‌కి నవ్వు ఆగలేదు. మీసం మీది చుక్క రాలిపోయింది. కలిల్ అన్న భుజం పట్టుకుని వంగిపోయాడు. అప్పుడు తెంతిమిష్ కెమెరాకున్న మూత నెమ్మదిగా తీసి జేబులో వేసుకుని, "ఒక గొర్రె..." అని మొదలెట్టాడు. గుర్రం తోకని కూడా క్షమించని మనిషి, వాళ్ళిద్దరూ ఊగిపోతుంటే ఒక్కమాట అనకుండా నలభై దాకా లెక్కపెట్టాడు.

ఫొటోలో జలపాతం పాలలా ఉంది. మధ్యలో అవ్వ ముడత ముడతా కనబడుతోంది. ఆమె వెనక అటునుంచీ ఇటునుంచీ ఒకదానిమీదికి ఒకటి వాలిన రెండు పొగలున్నాయి.

"మేమెక్కడమ్మా ఇందులో?" అన్నాడు ఒరోజ్‌బెక్.

"ఇదుగో, నవ్వుతున్నారుగా," అని అవ్వ దాన్ని తలుపు తియ్యగానే కనబడేచోట కొట్టించింది.

"ఏడుసార్లూ మూత పెట్టే తీశావు కదూ?" అని నిలదీసింది జిపార్.

"ఎడమొహం పెడమొహం ఫొటోలకి ఫిల్ము దండగ చెయ్యమంటావా?"

పోయినేడు ఒక పెళ్ళిలో కూడా ఈయన 'మళ్ళీ' అంటూ, సిగ్గుతో ముడుచుకుపోయిన పెళ్ళికొడుకు చేత పెళ్ళికూతురి చెయ్యి అయిదుసార్లు పట్టించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి.

"ఈ గురువారం మాత్రం నీ మూత ఖాయం చెల్లీ," అన్నాడు.

గురువారం పొద్దున్నే సంచీ తగిలించుకుని వచ్చాడు. బస్సు వచ్చింది, రెండుసార్లు హారను కొట్టింది, వెళ్ళిపోయింది. జలపాతం దగ్గర్నుంచి "పదకొండు గొర్రెలు... పన్నెండు..." అని వినబడుతోంది. జిపార్ సాసరు మీద ఈగను తోలి, గాలికి ఎగరకుండా దానిమీద ఓ చిన్న రాయి పెట్టింది.