నాలుగు ఒక్కపొద్దులు, పెసరగింజంత రాయి

ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో ఎవరికి ఏ నొప్పి వచ్చినా ముందు ఒక దేవుడికి వారంలో ఒక రోజు అప్పజెప్పేవాళ్ళం, ఆ తర్వాతే దవాఖానకు దారి అడిగేవాళ్ళం. (ఇప్పుడు మా బిడ్డ ముందు ఫోన్లో చూస్తుంది, తర్వాత దారి అడుగుతుంది. పెద్ద తేడా ఏమీ లేదు, భయం మాత్రం ఇద్దరిదీ ఒకటే.) నేను ఏడో తరగతి దాటలేదు గాని నా జ్ఞాపకం గట్టిది. ఎవరి పెళ్ళిలో ఎవరు ఏ చీర కట్టారో, ఆ చీర మీదికి జాకెట్టు ఎవరు కుట్టారో ఇప్పుడు నిద్ర లేపి అడిగినా చెబుతాను. ఊరందరి సంగతులు అంత గుర్తున్న దాన్ని, నా సొంత కడుపు సంగతి ఎట్లా కనిపెట్టలేకపోయానో చెబుతాను వినండి. నవ్వు వస్తే ఆపుకోకండి, నేను ఎప్పుడో మొదలుపెట్టాను.

మా అమ్మగారి ఊరు జనగామ దగ్గర రఘునాథపల్లి. నన్ను ఇచ్చింది మహబూబాబాద్‌కు. (మేమంతా మానుకోట అనే అంటాం.) ఈ సంగతి జరిగేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. స్టేషన్ రోడ్డులో ఒక బట్టల దుకాణం అరుగు మీద మిషన్ వేసుకొని జాకెట్లు కుట్టేదాన్ని. పెళ్ళికి ముందే మంచి మొగుడు రావాలని సోమవారం రాజన్న దేవుడికి ఒక్కపొద్దు మొదలుపెట్టాను. వచ్చినవాణ్ణి చూశాక ఆపాలో కొనసాగించాలో తేలక అట్లాగే ఉంచాను. మా ఒక్కపొద్దు పద్ధతి తెలియనివాళ్ళకు చెబుతున్నాను. పొద్దంతా అన్నం ముట్టం, సాయంత్రం తలంటుకొని దీపం పెట్టాక ఒక్క పూట తింటాం. కాని చాయ్ తాగొచ్చు. చాయ్ నీళ్ళతో సమానం అని ఎవరు తీర్పు ఇచ్చారో తెలియదు, ఆ పుణ్యాత్మురాలికి మా దుకాణంలో మాత్రం పెద్ద భక్తురాలు దొరికింది. గంటకోసారి కొట్టు తరఫున చాయ్ వచ్చేది. ఏడు గ్లాసులైనా, ఎనిమిదైనా, నా ఒక్కపొద్దు చెక్కుచెదిరేది కాదు. సాయంత్రం ఇంటికి పోతే మా అత్త, పొద్దంతా ఎండిన కోడలని జాలిపడి, వేడి వేడి అన్నంలో పచ్చిమిరపకాయల తొక్కు వేసి కుప్ప పోసేది. ఆమె ప్రేమ అంతా కారంలోనే ఉండేది.

మొదటిసారి నొప్పి వచ్చినప్పుడు చిలకపచ్చ జాకెట్టుకు చేతులు ఎక్కిస్తున్నాను. పక్కటెముకలు కలిసే చోట, బొడ్డుకు జానెడు పైన, లోపల ఎవరో తడిబట్టను పిండినట్టు. మిషన్ మీదికే వంగిపోయాను. అమ్మకు ఫోన్ చేస్తే, "బాబాకు మొక్కు బిడ్డా, గురువారం ఒక్కపొద్దు ఉండు" అన్నది. ఉన్నాను. నొప్పి ఇంకా ఎక్కువైంది. ఈ సంగతి తెలిసి మా అత్త మూతి ముడుచుకుంది. "మీ అమ్మ దిక్కు దేవునికైతే ఒక రోజిస్తివి. మా ఇంటి దేవుడు వెంకన్న కండ్లకు కనపడలేదా? శనివారం ఉండు" అన్నది. నిజమే కదా అనిపించింది. ఉన్నాను. భూపాలపల్లిలో మా అక్క ఉంటుంది, బావది బొగ్గు బాయిలో పని. అక్క, "అంజన్నకు మంగళవారం పట్టి చూడవే, మా వాడకట్టుల ఒకామెకు ఎంతటి మోకాళ్ళ నొప్పో పోయింది" అన్నది. మోకాలికీ పొట్టకీ ఏం సంబంధం అని అడగడం నాకు తోచలేదు. అట్లా వారంలో నాలుగు రోజులు దేవుళ్ళవి, మూడు రోజులు నావి అయ్యాయి.

మానుకోటలో డాక్టరుకు చూపిస్తే గ్యాస్ అన్నాడు, గోళీలు రాసిచ్చి "అన్నానికి ముందు వేసుకోవాలె, మరువొద్దు" అన్నాడు. మరవలేదు. నేను అన్నం తినే ముందు తప్పకుండా వేసుకున్నాను. అన్నమే తినని రోజున అన్నానికి ముందు ఎక్కడి నుంచి వస్తుంది? సాయంత్రం ఒకటి వేసుకొని, డాక్టరు చెప్పింది అక్షరం తప్పకుండా చేశానని మురిసిపోయేదాన్ని. నొప్పి తగ్గలేదు. జనగామలో స్కానింగ్ తీయిస్తే అక్కడి డాక్టరు తెర మీద నల్లటి సంచి చూపించి, "పిత్తాశయంల రాయి ఉన్నది, పెసరగింజంత. సంచి తీసేస్తే ఒడుస్తది" అన్నాడు.

"రాయి ఒక్కటే తియ్యరాదా సారు, సంచి ఏం పాపం చేసింది?"

"సంచి ఉంటే మళ్ళా పడతయమ్మా."

"తీసినంక నొప్పి పోతదా?"

ఆయన పెన్ను మూత పెట్టి, "చాలామందికి పోతది" అన్నాడు.

ఆ చాలామంది అన్న మాట నా గుండెల్లో పడింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను ఏనాడూ చాలామందిలో లేను. ఏడో తరగతిలో చాలామంది పాసయ్యారు. మా గల్లీలో చాలామందికి నల్లా వచ్చింది. కోయించుకున్నాక కూడా నొప్పి నిలిచి ఉంటే? పోయిన సంచి తిరిగి రాదు కదా. పోనీ కోయించుకోకుండా ఉంటే, ఆ పెసరగింజ ఏ రోజు ఏం చేస్తుందో? ఏడాది నిండని నా బిడ్డను పక్కన పడుకోబెట్టుకొని ఈ రెండు ప్రశ్నల మధ్యన మిషన్ సూది లాగ ఎక్కి దిగేదాన్ని. అమ్మ వాళ్ళ పక్కింటామె ఉలవలు నానబెట్టిన నీళ్ళు తాగితే రాయి కరుగుతుందన్నది. నెల తాగాను. రాయి కరగలేదు గాని ఇంట్లో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. మా ఆయన, "ఎడ్లకు పెట్టేటివి తాగుతున్నవు, ఇగ అరక గట్టుడే తక్కువ" అన్నాడు. అట్లా అన్నవాడే మర్నాడు భూపాలపల్లిలో బావకు ఫోన్ చేసి అక్కడి దవాఖానలో ఆపరేషన్‌కు రోజు తీసుకున్నాడు. మంగళవారం పొద్దున కోత. సోమవారం మధ్యాహ్నమే వచ్చి చేరాలి.

చేరాను. సోమవారం కదా, పొద్దున నుంచి బస్టాండుల్లో తాగిన మూడు చాయ్‌లు తప్ప కడుపులో ఏమీ లేదు. మంచం మీద కడుపు పట్టుకొని కూర్చున్నాను. అక్క పక్కన స్టూలు మీద ఉంది. ఒక నర్సమ్మ అట్టకు కాయితాలు పెట్టుకొని వచ్చింది, నా ఈడుదే.

"అక్కా, రాత్రి పదైనంక ఏం తినొద్దు. పొద్దున చాయ్ గూడ వద్దు."

"నాకేం కొత్త గాదమ్మా. రేపు మంగళారం, ఎట్లైన ఒక్కపొద్దే."

"మరియ్యాల?"

"ఇయ్యాల సోమారం. ఇయ్యాల గూడ ఒక్కపొద్దే."

నర్సమ్మ రాసేది ఆపింది. "వారంల ఎన్ని రోజులుంటవక్కా?"

"నాలుగే."

(నాలుగు అనలేదు చూడండి. నాలుగే అన్నాను.)

ఆమె అట్టను మంచం మీద పెట్టి నొప్పి ఎప్పుడెప్పుడు వచ్చిందో గుర్తుందా అని అడిగింది. నన్ను అడగాల్సిన ప్రశ్న అది ఒక్కటే. మొదలుపెట్టాను. చిలకపచ్చ జాకెట్టు నాడు సోమవారం. మిర్చి మార్కెట్ కమీషన్ సేటు కోడలి పట్టు జాకెట్టు, గురువారం, చంకలో బిగుతైందని రెండుసార్లు విప్పాను. కాషాయం రంగు అంచు జాకెట్టు, శనివారం. ముత్యాల గుండీలది, మళ్ళా సోమవారం.

"జాకెట్లు అడుగలేదే ఆమె, నొప్పి అడిగింది" అని అక్క గొణిగింది.

"చెప్పనియ్యక్కా" అని నర్సమ్మ వేళ్ళు ముడుస్తూనే ఉంది. ఒక చెయ్యి అయిపోయి రెండో చెయ్యి మొదలైంది. "ఆదివారం ఎప్పుడన్న వచ్చిందా?"

నోరు తెరిచాను. లోపల వెతికాను. బుధవారం వెతికాను, శుక్రవారం వెతికాను. నాకు గుర్తులేక కాదు. రాలేదు.

"ఆదివారం ఏం తింటవు?"

"పొద్దున సద్ది, మాపటికి యాటకూర" అన్నాను. అంటున్నప్పుడే నాకు చెవులు వేడెక్కాయి. అక్క ఒక్కసారి నా మొహం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను, నవ్వుతుంది.

నర్సమ్మ పోయి డాక్టరమ్మను తీసుకొచ్చింది. ఆమె అంతా విని, పొట్ట నొక్కి చూసి, "రేపు కోసుడు లేదు" అన్నది. మర్నాడు కత్తికి బదులు నోట్లో నుంచి పైపు వేసి చూశారు. పొట్ట లోపలి పొర అంతా ఒరుసుకుపోయి ఎర్రగా ఉందట. "రాయి ఉన్నది నిజమే. కాని ఈ నొప్పి దానిదని నేను చెప్పలేను. రాయి నొప్పి కొవ్వు తింటెనే ఎక్కువ లేస్తది. యాటకూరకు లేవని రాయి చాయ్‌కి లేస్తదా? గోళీలు వేసుకొని, ఖాళీ కడుపుల చాయ్ మాని, మూడు పూటల వేళకు తిని రెండు నెలలకు రా. అప్పటికీ తగ్గకుంటే మళ్ళా ఆలోచిద్దాం. జ్వరమొచ్చినా, వాంతులు ఆగకున్నా, కండ్లు పచ్చబడినా ఒక్క పూట గూడ ఆగొద్దు, ఉరికి రావాలె" అన్నది.

"మరి మొక్కులు మేడం?"

"దానికి నా దగ్గర గోళీ లేదు" అన్నది.

అసలు చిక్కు అక్కడ పడింది. కోత తప్పిందని సంతోషించే లోపలే, నలుగురు దేవుళ్ళకు మాట ఇచ్చి తప్పితే నా బిడ్డకు ఏమవుతుందోనని కొత్త భయం పట్టుకుంది. ఇంటికొచ్చి కూడా రెండు రోజులు ముద్ద ముందు పెట్టుకొని కూర్చున్నాను, దిగలేదు. మా అత్త చూసి చూసి, పీట జరుపుకొని ఎదురుగా కూర్చుంది.

"నోటితోని మొక్కినం, నోటితోనే మార్చుకుంటం. శనివారం నాకియ్యి. నువ్వు తిను."

"నీకెందుకత్తా, ఈ వయసుల?"

"నాకు చాయ్ అలవాటు లేదు తియ్యి."

గురువారం అమ్మ తీసుకుంది. మంగళవారం అక్క. సోమవారం సంగతి వచ్చేసరికి అత్త తన కొడుకు దిక్కు తిరిగి, "నీకోసమే పట్టిందట గదరా, నువ్వే ఉండు" అన్నది. మా ఆయన భక్తి రెండు సోమవారాలు బాగా నడిచింది, మూడోదానికి స్టేషన్ కాడ మిర్చి బజ్జీల బండి ముందర ముగిసింది. రాజన్న ఏమీ అనలేదు. అనాల్సినవన్నీ మా అత్తే అన్నది.

రెండు నెలలకు నా నొప్పి పోయింది. రాయి ఇప్పటికీ నాలోనే ఉంది. అప్పుడప్పుడూ పోయి స్కానింగ్‌లో పలకరించి వస్తాను, పెసరగింజ పెసరగింజలాగే పడుకొని ఉంటుంది. అమ్మ, అక్క ఏడాదికి వాళ్ళ వాళ్ళ మొక్కులు ముగించుకున్నారు. మా అత్త మాత్రం బతికినన్నాళ్ళూ శనివారం వదలలేదు. పొద్దున్నే నా ముందు గిన్నె పెట్టి, "నువ్వు తింటెనే నా ఒక్కపొద్దు నిలుస్తది" అని, ఆఖరి ముద్ద దాకా గడప దగ్గర పీట మీద కూర్చొని చూసేది. తను సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్ళ మీద ఉండేది. ఆమె పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు శనివారం ఆకలున్నా లేకున్నా ఎనిమిది కాకముందే తింటాను. చాయ్ గ్లాసు పట్టుకొని, కడుపు పట్టుకొని, నాలుగే అని గొప్పగా చెప్పిన ఆ తిక్క పిల్ల గుర్తొచ్చి ముద్ద మధ్యలో నవ్వు వస్తుంది. గిన్నె కడిగి బోర్లించి, ఖాళీ పీట దిక్కు చూసి, "తిన్ననత్తా" అంటాను.