నమటోవు పెట్టిన పువ్వు

మా ఆడపడుచు నమటోవును ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. పుట్టుకతోనే ఆమెకు కింది దవడ చిన్నది, నాలుక పొట్టిది, కుడిచేతికి వేళ్లు లేవు, ఎడమచేతికి రెండే. "కడుపులో ఉండగానే దవడా చేతులూ ఎదగడం ఆగిపోయింది. లక్షల్లో ఒకరికి ఇలా జరుగుతుంది, ఎవరి శాపమూ కాదు" అని పెద్దాసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. మాట ముద్దముద్దగా వస్తుంది. కాపురానికొచ్చిన కొత్తలో నాకు ముక్క అర్థమయ్యేది కాదు. అర్థమవడం మొదలయ్యాక నవ్వలేక చచ్చాను! అంత వెటకారం మా మసాకా ఊరు మొత్తంలో ఇంకెవరికీ లేదు.

నా కూతురు ఇమాక్యులేట్‌ను వీపున కట్టుకుని పెంచింది ఆమే. మా ఉగాండాలో, బగాండా వాళ్లల్లో, పిల్లను కోరిన అబ్బాయి ముందు ఆమె మేనత్త ఇంటికే రావాలి. పెద్దల ముందు పెళ్లిమాటలనాడు అతన్ని గుంపులోంచి గుర్తుపట్టి, గుండెమీద పువ్వు గుచ్చాల్సిందీ మేనత్తే. మా పిల్లను కోరిన కాటో నెలల తరబడి ప్రతి ఆదివారం వచ్చి నమటోవు వంటింట్లో ఆమె కబుర్లు వింటూ కూర్చున్నాడు. ఆ పువ్వు కోసం ఆమె ఇరవై ఏళ్లుగా ఎదురుచూస్తోంది.

తీరా రోజు దగ్గరపడ్డాక మా బావగారు గింగో మెలిక పెట్టాడు.

"మగపెళ్లివారు కంపాలా నుంచి కార్లలో దిగుతారు, వీడియో తీస్తారు. ఈ చేతుల్తో అదేం పువ్వు పెడుతుంది? అద్దెకు మేనత్తలు దొరుకుతారు. ఒకామెను మాట్లాడేశాను."

"అద్దెకు బావగార్లు దొరుకుతారేమో కూడా కనుక్కోండి!" అన్నాను. మా ఆయన నన్ను కసిరాడు. నమటోవు కుట్టించుకున్న కొత్త గొమెసి గౌనును విప్పి చూసుకుని, మళ్లీ మడతపెట్టేసింది.

ఆ రోజు రానే వచ్చింది. డప్పులు, మైకులు, ఎదురెదురు పందిళ్లు! అద్దె మేనత్త నవ్వుతూ, నడుం తిప్పుతూ మగపెళ్లివారి వరుసలోకి వెళ్లి, టకీమని పువ్వు గుచ్చేసింది.

ఎవరికనుకున్నారు? వాస్వాకి! కాటో కవల అన్నకి! ఇద్దరికీ ఒకే తెల్ల కంజు అంగీ, ఒకే కోటు, ఒకే మొహం. ఆమెకు ఫొటో చూపించారే గానీ, కవలలని చెప్పాలన్న బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు.

పందిరి గొల్లుమంది. "ఓహో! మీ పిల్లను వాస్వాకి ఇచ్చేశారన్నమాట, సంతోషం!" అని వాళ్ల తరఫు మాటకారి మైకులో అరిచాడు.

"ఏయ్, ఆయనకు నేనున్నాను!" అని వాస్వా పెళ్లాం చంకలో పిల్లతో లేచింది.

పెళ్లికొడుకు ఆ సభలో నోరు విప్పకూడదు. మేనత్త కాక ఇంకెవరూ చూపించకూడదు. వాళ్లు ఆటపట్టిస్తున్నారో, నిజమే చెబుతున్నారో, మాకేమో ఎవరు ఎవరో తెలిసి చావదు! గింగో బావగారి మొహం మాడిపోయింది.

నేను ఊరుకుంటానా? "లే వదినా!" అన్నాను. అప్పటికే లేచింది. పాత గొమెసిలోనే ఆ వరుస ముందుకెళ్లి నిలబడి, గట్టిగా ఏదో అంది. పందిరంతా తెల్లమొహం వేసింది. వాస్వా కూడా బిత్తరచూపులు చూశాడు. పక్కవాడు మాత్రం ఫక్కున నవ్వేసి, గబుక్కున నోరు మూసుకున్నాడు.

దొరికాడు! నేను ఎగిరి గంతేశాను. ఆమె అన్నదేమిటో తెలుసా? "నా కోడిపుంజుకు జడిసి మంచం మీదికి గెంతిన మొనగాడు ఎవడ్రా ఇక్కడ?"

రెండు వేళ్లతో వాస్వా కోటునుంచి పువ్వు పీకింది. కాటో వంగాడు. కుడి మణికట్టుతో కోటు నొక్కిపట్టి, ఆ రెండు వేళ్లతోనే గుచ్చింది. ఆడవాళ్లం గొంతులు పగిలేలా కూతలు పెట్టాం. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

నమటోవు వెనక్కి వస్తూ అన్నగారి ముందు ఆగి ఇంకో మాట విసిరింది. కాటో భుజాలు మళ్లీ ఊగిపోయాయి. గింగో బావగారు నావైపు వంగి, "ఏమంటోంది?" అని అడిగాడు.

"తోడబుట్టినవారు, నన్నడుగుతారేం?" అన్నాను. "అల్లుణ్ణి అడగండి. అతనికి అర్థమైంది."