అప్పు కాదు, చేబదులు

సోఫాలు కుట్టే అతన్ని వీధిలో అందరూ స్పాంజి అంటారు. ఎవరెంత నొక్కినా మళ్ళీ పైకి లేస్తాడని. ఒక హోటలువాళ్ళు హాలు నిండా కుర్చీలు కుట్టించుకుని, డబ్బివ్వకుండా తాళం వేసుకుని పోయాక మాత్రం లేవలేదు. ఆ కుర్చీల సరుకు కోసం చేసిన అప్పులు వడ్డీలతో బలిశాయి. అప్పులవాళ్ళు షాపు ముందే కాదు, కూతురి బడి గేటు దగ్గర కూడా నిలబడటం మొదలుపెట్టారు. చివరికి ఐపీ పెట్టడానికి, అంటే నావల్ల కాదని కోర్టు ముందు చేతులెత్తేయడానికి, లాయరు దగ్గరికి వెళ్ళాడు. తోడు వచ్చిన అక్క బయట బల్ల మీద కూర్చుంది.

అతను కూర్చున్న కుర్చీ చిరిగి, దూది బయటికి వచ్చింది. బొటనవేలితో దాన్ని లోపలికి నెడుతూనే ఉన్నాడు.

"కుర్చీ తర్వాత కుడుదువు గానీ, ఇంకెవరికైనా ఇవ్వాలా?" అడిగాడు లాయరు.

"బ్యాంకు, రెక్సిన్ షాపు, ఫైనాన్సు. అంతేనండి."

"చుట్టాలకి?"

"అక్క గాజులు తాకట్టు పెట్టి ఇచ్చిందండి. అది అప్పు కాదు, చేబదులు."

లాయరు కలం ఆపాడు. "కోర్టుకి చేబదులు, గీబదులు తెలీదయ్యా. తిరిగివ్వాలంటే అప్పే. దాచావని తేలితే పిటిషన్ కొట్టేస్తారు."

"రాస్తే?"

"ఆవిడా అందరితోపాటు వరసలో నిలబడాలి. దక్కితే ఎంతో కొంత. ముందు ఆవిడ ఇంటికి నోటీసు వెళ్తుంది."

గాజుల సంగతి బావకి తెలియదు. మెరుగు పెట్టడానికి ఇచ్చానని అక్క చెప్పుకొస్తోంది.

"నోటీసు నా షాపుకి పంపండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాళ్ళు పట్టుకుంటే అడ్రసు మారుతుందా?"

బయటికి వచ్చి అక్కకి అంతా చెప్పాడు. "ఇదంతా మానేస్తానే. ఎలాగోలా తీరుస్తాను."

"దేంతో తీరుస్తావురా? ఎముకలమ్ముకుంటావా?"

"బావ నిన్ను ఇంట్లో ఉండనిస్తాడా?"

అక్క లేచి లోపలికి వెళ్ళి, ఇంటి నంబరు తనే చెప్పింది. "రెండో అంతస్తు. తలుపు కొట్టమనండి, బెల్లు పనిచేయదు. ఎప్పుడొస్తుంది?"

"వారంలో."

"అయితే ఇవాళే చెప్పేయాలి." వెనకే వచ్చిన తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు రాకు. నిన్ను చూస్తే ఇంకా రెచ్చిపోతాడు."

ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. అతను సంతకం గీకి, వెనకాలే వెళ్ళబోయాడు.

"ఎక్కడికి? ప్రతి పేజీలోనూ పెట్టాలి. కూర్చో," అన్నాడు లాయరు.

అతను కూర్చున్నాడు.