విడిగా ఒక ఓటు

మీటింగ్ మినిట్స్‌లో ఓట్లే మిగులుతాయి, మనుషులు మిగలరు. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ పరాయి దేశంలో మా ఊరి బడులను నడిపే స్కూల్ బోర్డులో మెంబర్‌గా రిటైర్డ్ డాక్టర్ అంకుల్ ఒకరుండేవారు. కొనుగోళ్లన్నీ మూటకట్టి ఒకే ఓటుతో ఆమోదించడం అక్కడి అలవాటు. అంకుల్ మాత్రం ప్రతిసారీ చెయ్యెత్తి, ఏదో ఒకదాన్ని విడిగా చర్చకు పెట్టమనేవారు.

ఒకసారి స్కూల్ లైబ్రరీ పుస్తకాల ఆర్డర్ రద్దునూ ఆ మూటలోనే కట్టారు. లైబ్రరీల్లో కూర్చునే ఇంగ్లిష్ నేర్చుకున్న నేను, ప్రేక్షకుల వరసలోంచి అంకుల్ వైపు చూశాను. అంకుల్ విడిగా ఓటు పెట్టించారు. అయినా ఓడిపోయాం.

"ఏం లాభం అంకుల్?" అన్నాను పార్కింగ్‌లో.

"పుస్తకాలొద్దని ఒక్కొక్కరి చేతా పైకి అనిపించాం కదమ్మా. ఇక తలెత్తి మన మొహం చూడమను!"

ఆయన పోయాక మీటింగులు తొందరగా అయిపోతున్నాయి. నాకే ఇంటికి వెళ్లబుద్ధి కాదు.

వివరాలు సరిచూసిన సుశీల ఆంటీకి, రాయమని వెంటపడ్డ మాధవికి, ఆ సాయంత్రం అంకుల్ పక్షాన ఓటేసిన ఒకే ఒక్క మెంబర్ లిండాకు కృతజ్ఞతలు.